పన్నెండు దాటాక తెరిచే కొట్టు

పొదిలిలో, దర్శి రోడ్డు మలుపున
పగలు నడిపే కొట్టు మా నాయన ఇచ్చింది.
షట్టరు మీద ఆయన పేరుకు
దీర్ఘమూ ఒత్వమూ వత్తూ ఎండకు రాలిపోయి
మాలకొండయ్య ఇప్పుడు మలకండయ.

రాత్రి నడిపే కొట్టు నేను పెట్టుకుంది.
దాని తాళం నా బొటనవేలు.

మొదటి రోజు ఒక బల్ల, రెండు అరలు, పన్నెండు రొట్టెలు.
ఇప్పుడు నాలుగు వరసల ర్యాకులు,
లోపల దీపాలు వెలిగే మూడు ఫ్రిజ్జులు,
జీతానికి ఇద్దరు కుర్రాళ్లు.
సెలవడగరు. పెళ్లిచూపులకు పోరు.

అట్టపెట్టె మీద వేలు పెడితే
పాలడబ్బాలు ఒక్కోటీ లేచి
టక్, టక్, టక్,
అరలో వరసగా కూర్చుంటాయి.
ఆ చప్పుడుకే పడిపోయాను నేను.
పగటి కొట్టులో సర్దితే చప్పుడేముంది,
దుమ్ము తప్ప.
కందిపప్పు గోతానికి ఎలక పెట్టిన కిటికీ,
బెల్లం దిమ్మ చుట్టూ చీమల తిరణాల,
మంచినీళ్ల ట్యాంకరు వస్తే
బేరం సగంలో వదిలేసి
బిందెలతో ఉరికే జనం.

అక్కడ జనం గాజుతలుపు తోసుకొని వస్తారు.
నిన్నటి ఉల్లిగడ్డలు కుళ్లినయ్యనరు.
కొసరు అడగరు.
నా చిల్లర తప్పితే నెత్తిన ఎర్రమొహం మొలుస్తుంది,
మర్నాటికి మరిచిపోయి మళ్లీ వస్తారు.
ఖాతా పుస్తకమే లేదు ఆ ఊళ్లో!

ఎనిమిది నిమిషాలకొక రోజు.
పొద్దు గుంకగానే లెక్క పడుతుంది:
అమ్మకం, అద్దె, కరెంటు, జీతాలు,
చివర్న పచ్చటి అక్షరాల్లో
మిగులు.
మా నాయన ఇనపచువ్వకు గుచ్చిన చీటీల్లో
ఎంత వెతికినా ఆ మాట దొరకలేదు నాకు.

ఇంకొక్క రోజు, అనుకుంటాను.
ఆ ఒక్కరోజులు పదకొండయ్యేసరికి
గిద్దలూరు బస్సు హారను కొడుతుంది.

'పగలంతా కొట్టు చాల్లేదా నీకు?'
అంది సుబ్బరత్నం, దుప్పటి లాక్కుంటూ.
పగటిది నన్ను నడుపుతుందే,
రాత్రిది నేను నడుపుతున్నా, అందామనుకున్నా.
అప్పుడే సరుకు లారీ వచ్చింది.

నిన్న ఖాజావలి వచ్చి
పావుకిలో చింతపండు అడుగుతుంటే
నేనాయన నెత్తిమీదికే చూస్తున్నా,
పచ్చ గుర్తు వెలుగుతుందేమోనని.
'ఏందబ్బయ్యా, బల్లి పడిందా?'
టోపీ తడుముకున్నాడు.
కాటా మొగ్గింది, మొగ్గనిచ్చాను.
'రాసుకో' అన్నాడు.
రాశాను. ఆయన పేరు కింద
ఆయన తమ్ముడి పేరు,
దాని కింద చనిపోయిన కోటమ్మ బాకీ,
కొట్టెయ్యడానికి చెయ్యాడని మూడొందల నలభై.

రాత్రి మళ్లీ తెరిచా.
బియ్యం ధర రెండు రూపాయలు పెంచి చూద్దామని పెంచా.
నెరిసిన కొప్పామె ఒకతి వచ్చింది,
బొమ్మే, నడక కూడా సరిగ్గా రాదు.
సంచి తీసింది. ధర చూసింది.
తిరిగి అరలో పెట్టేసింది.
నెత్తిన చిన్న మబ్బుతో తలుపు దాకా పోయింది.

'అమా, తీసకపో, రేపిద్దువులే'
అనడానికి మీట ఎక్కడుందా అని
తెరంతా నొక్కాను.
ఆమెను నొక్కాను, సంచిని నొక్కాను, గల్లాపెట్టెను నొక్కాను.
ధర పట్టిక తెరుచుకుంది. రంగులు మార్చమంది.
ఆ మాటకు మీట పెట్టలేదు ఎవరూ.

ఫోను బోర్లించి పడుకున్నా
చీకట్లో, కాసేపు.
ఎంతోసేపు కాదు.
టమాటా రేటు పడింది,
తెల్లారేలోగా సరుకు దించుకోవాల.